నలభై ఒకటో నంబరు గాజు

దంతపు గాజు మీద రాసిన నంబరు మళ్లీ చెరిగిపోయింది. నెల కిందట యానాం నుంచి బదిలీ మీద వచ్చిన త్రిమూర్తులుకి ఒళ్లు మండింది. సిరా మీద వార్నిష్ పూసినా నిలవకపోవడం ఇది మూడోసారి. చీకటి పడింది. ఫ్రెంచివాళ్ల పాత పేట వైట్ టౌన్‌లోని ఆ పురావస్తువుల గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ లేదు.

"ఆండాళమ్మా, మళ్లీ తుడిచేశారా?" అని కాపలా ఆమె మీద అరిచాడు.

"నేనేంది సార్ తుడిచేది? సమాధిలో దొరికింది నేను ముట్టను," అందామె గడప అవతలి నుంచే. "ఆ సమాధిలో ఉన్నది, దీన్ని యాడనుంచో తెప్పించుకుని తొడుక్కున్న గొప్పింటామె. ఆమెకి మీ నంబరేంది?"

అతను విసురుగా గాజు వివరాల కార్డు నింపాడు: నలభై ఒకటి. ఏనుగు దంతం. దూరం నుంచి తెచ్చినది. గాజు మీద నంబరు వేసి, వార్నిష్ పూసి, పెట్టె మూశాడు.

ఫ్యాను ఆగిపోయింది. పెట్టెలో గాజు టక్కుమంది.

మూత తీశాడు. గాజు తెల్లగా ఉంది. తిట్టుకుంటూ మళ్లీ రాద్దామని చొక్కా చేయి పైకి మడిచాడు.

మణికట్టు మీద తడి వార్నిష్ మెరుస్తోంది. దాని కింద, తనది కాని చేతిరాత.

నలభై రెండు. దూరం నుంచి తెచ్చినది.