హెల్మెట్ తీయని జంట

“హెల్మెట్ తీయొద్దు. బైరప్ప ఉండాడు,” అన్నాడతను గొంతు తగ్గించి.

సుధారాణి చేతులు గడ్డం కింద పట్టీ దగ్గరే ఆగిపోయాయి. హార్సిలీ కొండ మీద, లోయ కనిపించే చోట అప్పుడే బుల్లెట్‌కు స్టాండు వేశారు. నాలుగు అడుగుల అవతల బైరప్ప పెళ్లాం పిల్లలకు లోయలోకి వేలు చూపిస్తున్నాడు. పుంగనూరులో సుధారాణి వాళ్ల వీధి మొదట్లో అంగడి అతనిది. ఆ అంగడి మెట్ల మీద పొద్దున తెలిసిన సంగతి మధ్యాహ్నానికల్లా వీధంతటికీ తెలిసిపోతుంది.

బజ్జీల బండి పాపమ్మ దగ్గర మిరపకాయ బజ్జీలు తీసుకుని, ఇద్దరూ ఏమీ ఎరగనట్టు బండ మీద కూర్చున్నారు. హెల్మెట్లతో తినడం ఎలాగో తెలియక, పొగలు కక్కే పొట్లాన్ని మధ్యలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు. పాపమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఈ విడ్డూరం చూస్తోంది.

పొద్దున సుధారాణి ఇంట్లో చెప్పిన మాట వేరు. కుప్పంలో స్నేహితురాలు మునీశ్వరి కూతురి ఓణీల ఫంక్షన్ అని అత్తగారికి చెప్పి, పట్టుచీర కట్టుకుని ఒక్కతే బయలుదేరింది. బస్టాండులో కాసేపు అటూ ఇటూ చూసి, తెలిసినవాళ్లెవరూ లేరనుకున్నాక మదనపల్లె బస్సెక్కేసింది. అక్కడ అతను ఎవరినో అడిగి తెచ్చిన బుల్లెట్ మీద, రెండో హెల్మెట్ చేతికి తగిలించుకుని కాచుకుని ఉన్నాడు. ఊరు దాటేదాకా ఆమె వెనక్కి చూస్తూనే ఉంది. కొండ మలుపుల్లో చల్లగాలి తగిలేసరికి మాత్రం ఆమెకు ఎందుకో నవ్వొచ్చింది. నవ్వుతూనే అతని భుజం పట్టుకుంది.

ఈ కొండకు ఆమె రావడం ఇది రెండోసారి. పెళ్లైన కొత్తలో భర్తతో వచ్చినప్పుడు టెంపో మాట్లాడారు. అత్తమామలు, మరుదులు, ఆడబిడ్డలు, వాళ్ల పిల్లలు, పులిహోర గిన్నె. భర్త ముందు డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. ఆమె చిట్టచివర, వాంతులు చేసుకుంటున్న ఆడబిడ్డ కొడుకును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొండ ఎలా ఉందని ఎవరైనా అడిగితే, ఆ పిల్లవాడి నెత్తి తప్ప ఆమెకేమీ గుర్తొచ్చేది కాదు.

ఉన్నట్టుండి బైరప్ప నేరుగా వీళ్ల దగ్గరకే వచ్చాడు. సుధారాణి తల పక్కకు తిప్పుకుంది. తమకో ఫోటో తీసిపెట్టమని బైరప్ప ఫోన్ చాచాడు. అతను నోరు మెదపకుండా లేచి వెళ్లి, ఫోటో తీసి, ఫోన్ తిరిగిచ్చాడు. బైరప్ప ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. వెళ్తూ వెళ్తూ పెళ్లాంతో అన్న మాటను గాలి మోసుకొచ్చింది.

“ఇంట్లో తెలీకుండా వచ్చినట్టుండారు. ఆయమ్మ మెళ్లో తాళి గూడా ఉండాది, సూడు.”

సుధారాణి కొంగు భుజాల నిండా కప్పుకుంది. బైరప్ప కుటుంబం కారెక్కి మలుపు తిరిగాక గానీ ఇద్దరూ హెల్మెట్లు తీయలేదు. బజ్జీలు చల్లారిపోయాయి. చల్లారిన బజ్జీనే అతను విరిచి సగం ఆమెకిచ్చాడు. అంతలో ఫోన్ మోగింది. అత్తగారు, సుబ్బలక్ష్మమ్మ.

“ఫంక్షన్ బాగా జరగతాండాదా అమ్మా? పెద్దోడు టమాటా లోడుతో మదనపల్లె మార్కెట్టు యార్డుకు పోయినోడు, ఫోనే ఎత్తడంలే. నీకేమన్నా ఫోన్ చేసినాడా?”

పెద్దోడంటే సుధారాణి భర్త.

“యార్డులో ఆ గోలకు వినపడదులే అత్తా. వచ్చేస్తాడు,” అంది ఎలాగో.

ఫోన్ పెట్టేసి చూస్తే, అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. పెద్దామె మనసు మంచిదని, ఇలా అబద్ధం చెప్పడం తనకు కష్టంగా ఉందని అంది. అతను నవ్వు మానేశాడు. వెనక్కి పోదామంటే ఇప్పుడే పోదామన్నాడు.

సుధారాణి లోయ వంక చూసింది. దూరంగా మదనపల్లె ఇళ్లు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి.

“ఇంకొంచేపు ఉందాం,” అంది.

ఆ తర్వాత ఆమె తన పుట్టినూరు వెంకటగిరికోట సంగతి చెప్పింది. బడిలో చదివేటప్పుడు పరుగు పందేలకు కుప్పం పంపమంటే నాన్న ఒప్పుకోకపోవడం, తను మల్బరీ ఆకుల ట్రాక్టరెక్కి పారిపోవడం. ఈ కథ ఇంట్లో ఎన్నిసార్లు మొదలుపెట్టిందో. ట్రాక్టర్ దగ్గరికి వచ్చేసరికి కుక్కర్ కూసేది, లేకపోతే ఎవరో తువ్వాలు ఎక్కడని అరిచేవారు. ఈ రోజు ఎవరూ పిలవలేదు. అతను “ఆపైన?” అంటూ విన్నాడు. పందెంలో ఆఖరున వచ్చినా నాన్న కోపం మరిచి పకోడీలు కొనిపెట్టాడనే చివరి మాట దాకా చెప్పింది. చెప్పడం అయిపోయాక ఆమె కళ్లు చెమర్చాయి. అతను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

ఎండ వాలుతుంటే కొండ దిగారు. మదనపల్లె బస్టాండుకు కాస్త ఇవతలే అతను బుల్లెట్ ఆపాడు. మళ్లీ ఎప్పుడని ఆమె అడిగింది.

“ఇంకో అబద్ధం దొరికినప్పుడు,” అన్నాడు.

పుంగనూరు బస్సు ఆలస్యమైంది. వీధిలోకి వచ్చేసరికి దీపాలు పెట్టేశారు. బైరప్ప అంగడి ముందు నుంచి తల వంచుకుని నడిచింది. ఇంటి ముందు చెప్పులు విడిచి, ఏమీ జరగనట్టు మొహం పెట్టుకుని గడప దాటింది.

“ఇంతసేపేందే?” అని, వాళ్లమ్మ పక్కన కూర్చుని కాఫీ తాగుతున్న అతను గ్లాసు చాటున నవ్వు ఆపుకుంటూ భార్యను గదమాయించాడు.