తిరుగుతున్నా ఆగిన చక్రం

లేతు మేస్త్రికి భార్య మాట మీద నమ్మకం లేదు, కూరలో ఉప్పు మీద నమ్మకం లేదు, ఆఖరికి గోడ గడియారం మీద కూడా లేదు. తన కళ్ళ మీద తప్ప.

ఇరవై ఏళ్ళుగా ఆ కళ్ళతోనే వేగుతోంది ఆవిడ.

ఆ ఉదయం ఇంటి ముందు వర్క్‌షాపులో, ఇనుము చెక్కే లేతు మిషను పైన కొత్త ఎల్ఈడీ లైటు వేయించి మురిసిపోతున్నాడు.

గుమ్మంలో ఎవరో ముసలాయన. చేతిలో పాతకాలపు ఫిలమెంటు బల్బు.

"బాబూ, మిషను మీద ఇది కూడా వేలాడదీయండి. ఆ లైటొక్కటే ఉంటే, తిరిగే చక్రం ఆగినట్టు కనిపిస్తుంది."

"తిరిగేది ఆగినట్టా?"

"అది కంటికి తెలియకుండా ఆరుతూ వెలుగుతుంటుంది. వెలిగినప్పుడల్లా చక్రం అదే తీరులో కనబడితే, కదలనట్టే ఉంటుంది. కాస్త తేడా వస్తే వెనక్కి తిరుగుతున్నట్టు ఉంటుంది. ఈ బల్బు వెలుగు అలా ఆరదు."

"వెనక్కి కూడానా! బల్బు అమ్ముకోవడానికి ఎన్ని కథలయ్యా! ఎంతేంటి?"

"ఊరికే ఇస్తున్నాను."

"ఊరికే ఇచ్చేవాణ్ణి అసలు నమ్మను. దయచెయ్."

ముసలాయన బల్బు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పదకొండింటికి ఆవిడ టీ తెచ్చింది. పక్కన కంప్రెసర్ రొద. మిషను చప్పుడు అందులోనే కలిసిపోయింది.

లేతు చక్రం మెల్లగా వెనక్కి తిరుగుతోంది. చూస్తుండగానే ఆగింది.

ఆవిడ కళ్ళు నులుముకుంది.

"ఏవండీ! ఇది ఆగిందా, తిరుగుతోందా?"

"కనబడ్డం లేదూ? ఆగింది. బెల్టు జారినట్టుంది."

ఆగిన చక్రాన్ని అరచేత్తో తుడవడం ఆయనకు అలవాటు. చెయ్యి చాచాడు.

ఏం తోచిందో, ఆవిడ టక్కున లైటు ఆర్పేసింది.

కిటికీలోంచి వచ్చే మసక వెలుగులో చక్రం గిర్రున తిరుగుతోంది. ఆయన వేళ్ళకు బెత్తెడు దూరంలో.

మేస్త్రి మిషను కట్టేశాడు. పొద్దుటి ముసలాయన సంగతి ఆవిడకు చెప్పి, ఆయన్ని వెతుక్కుంటూ లైట్ల షాపుకు పరుగెత్తాడు.

గంటకు తిరిగొచ్చాడు.

"దొరికాడా?"

"లేదే. ఇందాకటి బస్సుకే ఊరొదిలి వెళ్ళిపోయాడట. ఈ లైటు ఏ వర్క్‌షాపు కొన్నా, షాపులో అడ్రసు అడిగి తీసుకుని వెళ్ళేవాడట. మనదే ఆఖరిది."

"ఎందుకండీ అంత శ్రమ?"

మేస్త్రి టీ గ్లాసు వైపే చూస్తూ నెమ్మదిగా అన్నాడు:

"తప్పు నాదేనే... ఆయన బల్బులవాడు కాదు, నాలాంటి లేతు మేస్త్రే. ఇలాంటి లైటు కిందే 'ఆగింది, తుడువు' అని తానే చెప్పి, కన్నకొడుకు చెయ్యి పోగొట్టినవాడు."