రుక్కమ్మ ఎత్తని ఫోను

ఇంట్లో ఫోను ఉండగా, ఆరు వారాల పాటు కన్నకూతురి గొంతు ఆ ఇంటికి ఎందుకు చేరలేదు?

శంషాబాద్‌లో ఈ ప్రశ్న అడగనివారు లేరు. పూర్తి సమాధానం చెప్పినవారూ లేరు.

ఆ ఫోను కోసం విత్తనాల దుకాణం ఈశ్వరయ్య ఆరేళ్లు ఎదురుచూశాడు. దరఖాస్తు పెట్టినప్పుడు కూతురు అఖిల పదో తరగతి. తీగ వచ్చి గోడకు చేరేసరికి ఆమె వరంగల్ హాస్టల్లో ఉండి ఎం.సి.ఏ. చదువుతోంది.

"ఇగ బిడ్డ పక్కగదిల ఉన్నట్టే," అని అతని భార్య రుక్కమ్మ ఫోనుకు కుంకుమబొట్టు పెట్టింది.

1998 ఏప్రిల్‌లో మేడమీది గదిని సత్తిబాబు అనే యువకుడికి కిరాయికి ఇచ్చారు. అతనిది భీమిలి. ఆ గదిలోనే కూర్చుని ఒక అమెరికా కంపెనీకి ప్రోగ్రాములు రాసి, ఫోను తీగ మీద పంపేవాడు. అందుకోసం గదిదాకా తీగ లాగించుకున్నాడు. ఆ ఏర్పాటుకు ఉన్న నియమాన్ని, వేసవి సెలవులకు వచ్చిన అఖిలే తల్లికి వివరించింది.

"అమ్మా, పైన కంప్యూటర్ నడుస్తున్నప్పుడు నువ్వు ఫోను ఎత్తినవనుకో, లైను తెగుతది. ఆయన నౌకరి పోతది. సమజైందా?"

"ఒకల నోటికాడి బువ్వ నేనెందుకు చెడగొడత బిడ్డా!"

రుక్కమ్మ మాట అంటే మాటే. ఆనాటి నుంచి ఫోను మీద తుండుగుడ్డ కప్పి ఉంచింది. మెట్ల కింద నిలబడి "అయిందా బాబూ?" అని కేక వేసి, "అయిందండీ" అని జవాబు వస్తే తప్ప దాన్ని ముట్టేది కాదు.

ఆగస్టులో బడంగ్‌పేట నుంచి అఖిలకు సంబంధం వచ్చింది. పిల్లవాడు లెక్చరర్. ఈశ్వరయ్య అప్పటికప్పుడే మాట ఇవ్వబోయాడు. రుక్కమ్మ అడ్డుపడింది.

"బిడ్డ ఊ అనంది నేను ఒప్పుకోను. దానికి మాటిచ్చిన."

"నువ్వు, నీ మాట! వాళ్లు ఎన్నొద్దులు ఆగుతరే?"

"ఆగకుంటె పోనీ."

ఉత్తరం రాశారు. ఆలోచించుకుని ఫోనులో చెబుతానని అఖిల జవాబిచ్చింది.

ఆ ఫోను రాలేదు. రెండో వారంలో మరో ఉత్తరం వచ్చింది: 'ఎన్నిసార్లు చేసినా ఎంగేజే వస్తోందమ్మా. బాపును ఇక్కడికి రావద్దను, పరీక్షలున్నాయి. నేనే మళ్లీ చేస్తాను.'

రుక్కమ్మ మేడెక్కింది. గుమ్మం దాటకుండానే అడిగింది.

"జర ఒక్క పూట లైను ఇడుస్తవా బాబూ? బిడ్డ చేస్తదట."

"ఈ వారం గడువుంది పిన్నిగారూ. పంపకపోతే ఉద్యోగం పోతుంది."

ఆమె దిగి వచ్చి ఫోను మీది తుండుగుడ్డ సరిచేసింది.

మరో వారానికి సత్తిబాబే అట్లాసు పట్టుకుని కిందికి దిగాడు.

"పిన్నిగారూ, నేనో సముద్రం వెతుక్కుంటున్నాను. నా పని తీగ వెంట వస్తుంది కదా, మనిషి ఎక్కడున్నా ఒకటే. పొద్దున్న పని, సాయంత్రం సర్ఫింగ్."

"గదేంది?"

"పలక మీద నిలబడి అలల మీద జారడమండి."

"నిలబడుడెందుకు? పడవలు లేవా ఆడ?"

అతను నవ్వి, వేలితో మూడు తీరాలు చూపించాడు. శ్రీలంకలో యుద్ధం. బాలిలో అలలు మేడంత ఎత్తు, పైగా ఆ ఏడాది ఆ దేశంలో అల్లర్లు. మూడోది మారిషస్. అక్కడ అలలు చిన్నవిగా ఉండే తీరం ఒకటి ఉందట.

"భీమిలిల పుట్టినోనివి, నీకు చిన్న అలలెందుకు?"

"మొదట చిన్నవే నయం పిన్నిగారూ. అన్నానికీ లోటు లేదట. తాతల కాలంలో చెరుకు తోటలకు వెళ్లిన తెలుగువాళ్లున్నారు."

"ఇగ ఆలోచనేంది! మనోళ్లున్న కాడికే పో. కష్టమొస్తే పిలిస్తే పలుకుతరు."

ఆ దీవి చుట్టూ అతను అక్కడికక్కడే పెన్సిలుతో గీత గీశాడు.

అఖిల ఫోను మాత్రం రాలేదు. ఐదో వారంలో రుక్కమ్మ లైన్‌మన్ కొండల్‌ను పిలిపించింది. అతను స్తంభమెక్కి పరీక్షించి దిగాడు.

"లైను మంచిగున్నదక్కా. పొద్దటి సంది పైన కంప్యూటరే నడుస్తున్నది. సందే లేదు."

రుక్కమ్మ సత్తిబాబును నిలదీసింది.

"నీ పని అంతసేపా?"

అతను తల దించుకున్నాడు. "పని మూడు గంటలేనండి. మిగతాదంతా... సముద్రం గురించే."

"నౌకరి పోతదని నేను ఫోనుకు గుడ్డ కప్పి కూసుంటే, నా బిడ్డ గొంతు ఇననియ్యకుంట నువ్వు సముద్రాలు ఏరుకుంటున్నవా? కడుపుల పెట్టుకుని చూసుకుంటి గదరా నిన్ను!"

జీవితంలో ఆమె పరాయివాడి మీద గొంతెత్తడం అదే మొదలు. అయినా మరుసటి వారం అతను పెట్టె సర్దుకుంటుంటే, నిమ్మకాయ పచ్చడి సీసా మూటగట్టి ఇచ్చింది ఆమే. అతను వంగి కాళ్లకు దండం పెట్టాడు. ఆమె ముఖంలోకి మాత్రం అతను చూడలేదు.

ఫోను ఖాళీ అయింది. రుక్కమ్మ తుండుగుడ్డ తీసేసింది. వారం రోజులు దాని పక్కనే బియ్యం ఏరింది, దాని పక్కనే చాప పరుచుకుంది. అది మోగలేదు. బడంగ్‌పేట వాళ్లు వేరే సంబంధం చూసుకున్నారు. లైను ఎక్కడైనా తెగిందేమోనని ఆమె కొండల్‌కు మళ్లీ కబురు పెట్టింది.

ఊరంతా సత్తిబాబును తిట్టింది. అది సగం న్యాయమే. మిగతా సగాన్ని రుక్కమ్మ ముందు పలికే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు కనుక మీరే వెళ్లి చెప్పండి, ఆ ఆరు వారాలూ ఆ తీగ అవతలి కొసన, వరంగల్ కాలేజీ కంప్యూటర్ ముందు కూర్చుని, సత్తిబాబుతో కలిసి తమ ఇద్దరి కోసం ఆ సముద్రాన్ని ఏరుకున్నది అఖిలేనని.