విరిగిన కోరలు

కుక్కను పశువుల ఆసుపత్రికి ఎప్పుడూ ఇంటావిడే తీసుకొచ్చేది. రోజూ దాని పళ్ళు తోమి ముత్యాల్లా ఉంచేది. ఈసారి భర్త తెచ్చాడు.

“మా ఆవిడ పుట్టింటికెళ్ళిందండీ. ఇదేమో తిండి ముట్టడం లేదు.”

డాక్టరమ్మ మత్తిచ్చి దాని నోరు తెరిచి చూసింది. పై కోరలు రెండూ సగానికి విరిగాయి. చిగుళ్ళ నిండా చెక్క పేళ్ళు, వాటికి అంటుకుని నీలం రంగు. పట్టకారుతో ఒక్కొక్కటే లాగుతుంటే ఆమెకు ఒళ్ళు మండింది.

“మూగజీవాన్ని గదిలో పెట్టి తాళం వేస్తారా? తలుపు కొరికి కొరికి నోరంతా పుండు చేసుకుంది!”

“అయ్యో, దాన్నెందుకు బంధిస్తానండీ?” అతను నొచ్చుకున్నాడు. “ఇల్లంతా దానిదే. ఆ గది తలుపును బయటినుంచే కొరుకుతోంది.”

అనేసి నాలుక కరుచుకున్నాడు.

పట్టకారు ఆగిపోయింది. డాక్టరమ్మ మొహంలో మాత్రం ఏమీ కనబడనివ్వలేదు.

“మత్తు దిగడానికి టైం పడుతుంది. మీరు బయట కూర్చోండి, నేనే పిలుస్తాను.”

అతను వెళ్ళగానే గడియ పెట్టి, పోలీసులకు ఫోన్ చేసి ఆ ఇంటి అడ్రసు చెప్పింది.

“కుక్కను హింసిస్తున్నాడా అమ్మా?” అడిగారు అవతలినుంచి.

“కుక్కను కాదండీ.” ఆమె కుక్క తల నిమిరింది. “దీన్ని పెంచినావిడ ఆ ఇంట్లోనే, తాళం వేసిన గదిలో ఉంది. తొందరగా వెళ్ళి తాళం పగలగొట్టండి. పళ్ళతో చేయగలిగినంతా ఇది చేసింది.”