ఎదురింటి ఆవాలు

ఆ వేసవి వడమాలపేటలో ఏకాంబరం అంగట్లో పప్పు, బెల్లం చెల్లిపోయాయి గానీ ఆవాల మూట మాత్రం విప్పినవాళ్లు లేరు. ఇంటింటా అమ్మవారు పోసి ఉంటే తాళింపు పెట్టేదెవరు? ఆవాలు చిటపటమంటే ఆ తల్లికి కోపం వస్తుందని, ఒళ్లంతా పొక్కులున్న బిడ్డ దక్కదని ఆ వీధి భయం. ఏకాంబరం కూతురు మునిలక్ష్మి ఏడు రోజులుగా వేపాకు మీద పడి ఉంది. మూడు రోజులుగా మెతుకు ముట్టలేదు, కళ్లు తెరవలేదు.

దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. అరుగు మీద కూర్చున్న ఏకాంబరానికి ఎదురింట్లో ఆవాలు చిటపటలాడడం వినిపించింది. వెనకే వెల్లుల్లి వాసన.

"ఎవురికబ్బా ఇంత పొగరు?" అంటూ వీధి దాటాడు.

తలుపుకు తాళం ఉంది. అది వేసింది తనే. ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటూ మునిలక్ష్మికి రోజూ చారన్నం తినిపించిన గంగులమ్మవ్వ ఇదే జబ్బుతో పోయి పదకొండు రోజులైంది. తాళం చల్లగా ఉంది. తలుపు చెక్క మాత్రం పొయ్యి పక్క గోడలా వెచ్చగా ఉంది. లోపల గరిటె గిన్నెకు తగిలింది.

అప్పుడే వెనక నుంచి భార్య సుబ్బులమ్మ పిలిచింది.

"ఏమయ్యా, పాప లేసి కూసుండాది. ఆకలంట. అవ్వ చారు కాస్తా ఉండాది, పోయి తెమ్మంటాది."

లాభనష్టాలు చూడకుండా గడప దాటని ఏకాంబరం ఈసారి ఎక్కువసేపు ఆలోచించలేదు. మొలతాడుకున్న తాళంచెవి విప్పాడు.

"గిన్నె తీసుకురా," అన్నాడు. "పెద్దదే తే."