అమ్మ గెంతులు

సందర్శకుల కేంద్రం తెరిచే రోజు పొద్దున్నే మా అమ్మ కర్ర పుచ్చుకుని కొండెక్కి వచ్చింది. ఆ చల్లారిన అగ్నిపర్వతం మీద దాన్ని కట్టే పని నేను ఒప్పుకున్నప్పటినుంచి ఆమెకి నాతో మాటల్లేవు.

"ఈ కొండ వాలున సమాధిలో ఉన్న మీ నాన్నకి సముద్రం కనబడకుండా గోడ లేపుతావా? అయితే నేను నీకు అమ్మనే కాదు" అనేసింది అప్పట్లో.

ఇప్పుడు నాలుగు దిక్కులా చూసింది. గడ్డి, గాలి, మేస్తున్న రెండు గుర్రాలు.

"ఏదే మీరాన్, నీ భవనం?"

నేను గుర్రాల వైపు చూశాను.

"కట్టలేదూ! నా తల్లే, నా బంగారమే!"

కర్ర గిరాటేసి, నా చేతులు పట్టుకుని గెంతడం మొదలెట్టింది. డెబ్భై దాటిన మనిషి! నిజం చెప్పాలంటే భయం, ఆపుదామంటే నవ్వు. ఇక చేసేదేముంది, నేనూ గెంతాను.

ఉన్నట్టుండి మా కాళ్ల పక్కన గడ్డిలోంచి ఒక కిటికీ తలుపు లేచింది. లోపలినుంచి టీ కాచే ఆయన తల బయటపెట్టాడు.

"గెంతేది మీరా అండీ! గుర్రాలు కప్పెక్కాయనుకున్నాం!"

నేను గెంతడం ఆపేశాను. అమ్మ మాత్రం ఇంకోసారి ఎగిరి, రెండు మడమలూ దబ్బున వేసింది.

"రాతిగోడ పేర్చాక ఊపి చూడమని మీ నాన్న నేర్పలేదుటే? మరి కప్పు వేశాక గెంతి చూడొద్దూ?" అంది. "గట్టిగానే వేశావు. ఆయనకి సముద్రమూ కనబడుతోంది. పద కిందికి, ఆ నారింజ తొక్కల టీ వాసన సగం కొండ నుంచీ నన్ను లాగేస్తోంది."