రబ్బరు అంచు

"తాళంచెవి ఇస్తారా, తాళం పగలగొట్టమంటారా?" అంది బురుల్, సామాన్ల గది ముందు నిలబడి. ఆమె చేతిలో బోల్టులు విప్పే పెద్ద పానా ఉంది.

కుబాత్ టీ గిన్నె కింద పెట్టాడు. కనుమ దారిలో మంచు తోసే బళ్ళన్నిటికీ ఆయనే పెద్ద. ఆ బళ్ళ ముందు మంచు నెట్టే పలక ఉంటుంది, దాని కింద అంచు అరిగినప్పుడల్లా కొత్తది బిగించాలి. "ఆ కొత్త రబ్బరు అంచు పెద్ద రోడ్డు కోసం దాచిందమ్మా. పై ఊరి దారికి ఇనుప అంచు చాలు."

"చాలదన్నా. ఆ దారి నిండా రాళ్ళే. ఇనుము ప్రతి రాయికీ కొట్టుకుంటుంది, సగం దారిలో బోల్టులు తెగుతాయి. రబ్బరైతే వంగి దాటుతుంది. నా బండికున్నది అరిగి బోల్టుల దాకా వచ్చింది, మీరే చూశారుగా."

"అయితే రేపు వెళ్ళు. అంత కొంప మునిగిందేముంది?"

"మునిగింది. పొద్దున సంతలో మా చెల్లెలు మీరిమ్‌ని కారులోకి లాగి పై ఊరికి ఎత్తుకుపోయారు. వాళ్ళు అటు ఎక్కగానే మంచు పడి దారి మూసుకుంది. 'మీ పిల్ల ఇక మా కోడలు' అని ఫోన్ కూడా చేశారు. చీకటి పడేలోపు నేను అక్కడుండాలి."

చీకటి పడితే, ఇక ఈ ఇంటి కోడలే అన్న గుర్తుగా పిల్ల తలకు తెల్ల గుడ్డ కట్టేస్తారు. ఆ ఇంట్లో ఒక్క రాత్రి గడిచిందంటే, తిరిగి రమ్మని పిలవడానికి కన్నవాళ్ళే జంకుతారు.

"ఏడుస్తారు, తర్వాత సర్దుకుంటారు," అన్నాడు కుబాత్. "మీ వదినను నేనూ అలాగే ఎత్తుకొచ్చాను, సర్దుకోలేదూ?"

"వదినను ఎప్పుడైనా అడిగారా?"

కుబాత్ జేబు తడిమాడు. తాళంచెవి బల్ల మీద పెట్టి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

అరచేయంత మందం రబ్బరు అది. బురుల్ దాన్ని ఈడ్చుకొచ్చి, పలక కింద అంచుకు ఆనించి, ఒక్కతే బోల్టులన్నీ బిగించింది. వేళ్ళు చలికి కొయ్యబారాయి. ఏడుపు వచ్చింది కానీ ఏడిస్తే పానా జారుతుందని ఊరుకుంది.

దారి పొడవునా పలక కింద రాళ్ళు గొణిగాయి. రబ్బరు ఒక్కోదాని మీద వంగి, లేచి, మంచును పక్కకు నెట్టుకుంటూ పోయింది. ఎక్కడా ఆగలేదు.

పొద్దు కొండ మీద ఉండగానే ఆ ఇంటి ముందు బండి ఆపింది. పెళ్ళికొడుకూ వాడి స్నేహితులూ కేకలు వేస్తూ ఎదురొచ్చారు.

"సమయానికి దారి తెరిచావక్కా! పెళ్ళి చేసే ముల్లా కిందే చిక్కుకుపోయాడు. నువ్వు లోపలికెళ్ళి వేడివేడిగా ఏమైనా తిను!"

తనెవరో అడగాలని ఒక్కడికీ తోచలేదు. అందరూ కారులోకి ఎక్కి, ముల్లాను తేవడానికి ఆమె తెరిచిన దారినే కిందికి ఉరికారు. వెర్రివెధవలు!

లోపల తెర వెనక మీరిమ్ మోకాళ్ళలో తల పెట్టుకుని ఉంది. తెల్ల గుడ్డ ఇంకా కాబోయే అత్త చేతిలోనే ఉంది.

"లే మీరిమ్, ఇంటికి పోదాం."

"అక్కా!"

అత్త ఒక్క అరుపు అరిచింది. అంతే, పెళ్ళికొడుకు నాయనమ్మ వచ్చి గడపకు అడ్డంగా పరిచిన కంబళి మీద వెల్లకిలా పడుకుంది. పెద్ద ముసలమ్మను దాటి బయటికి పోయిన ఆడపిల్ల జన్మలో బాగుపడదని అక్కడ పసిపిల్లకు కూడా తెలుసు.

మీరిమ్ కాళ్ళు ఆగిపోయాయి. "అక్కా, నేను దాటలేను."

"దాటొద్దు," అంది బురుల్.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని కంబళి అంచు రెండు చేతులా పట్టుకుంది. ముసలి ఎముకలు నొప్పి పడకుండా, గీసుకోకుండా, మెల్లమెల్లగా పక్కకు జరపసాగింది.

ముసలమ్మ కళ్ళు తెరవకుండానే, పెళ్ళికొడుకు తల్లికి వినబడనంత సన్నగా అంది:

"గట్టిగా లాగవే పిల్లా. అరవై ఏళ్ళ కిందట మా అత్త ఇక్కడే పడుకుంది. ఆవిణ్ణి జరపడానికి నాకెవరూ రాలేదు."